ఆపరేషన్ గాయం చీము పట్టకుండా: తేదీ ఖాయమైన రోజు నుంచి నెల తర్వాత దాకా

"సిస్టర్, కుట్లు చీము పట్టకుండా ఎన్ని రోజులు మందులు వాడాలి?"

వార్డులో నన్ను రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. అడిగేది మాత్రం ఎప్పుడూ ఆపరేషన్ అయిపోయాకే. చీము పడుతుందా లేదా అన్నది చాలావరకు అప్పటికే తేలిపోయి ఉంటుంది. కోత పెట్టినప్పటి నుంచి కుట్లు వేసేదాకా గాయం తెరిచే ఉంటుంది, సూక్ష్మజీవులు లోపలికి చేరేది ఎక్కువగా ఆ గంటా రెండు గంటల్లోనే. అవి కూడా ఎక్కడి నుంచో ఊడిపడవు. చాలాసార్లు రోగి చర్మం మీద, ముక్కులో, పేగుల్లో ఉన్నవే. అందుకే ఇది గడియారం చూసుకుంటూ చేయాల్సిన పని.

చాలా ఏళ్లు థియేటర్ నర్సుగా చేసి, ఇప్పుడు ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని చూస్తున్నాను. ఏది ఎప్పుడు చేయాలో ఆ వరుసలోనే చెబుతాను. ఇంటివాళ్లు చేసేవి, ఆసుపత్రి చేసేవి రెండూ ఇందులో ఉన్నాయి. ఆసుపత్రి చేసేవి మనకెందుకు అనుకోకండి, తెలిస్తేనే కదా అడగగలరు. మీ కేసును బట్టి మీ సర్జన్ వేరేగా చెబితే ఆయన మాటే వినండి. కానీ ఎందుకో అడిగి తెలుసుకోండి.

అడుగు 1: తేదీ ఖాయం కాగానే

మొదట షుగర్. షుగర్ ఎక్కువగా ఉంటే తెల్లరక్తకణాలు మందగిస్తాయి, గాయం మానడం ఆలస్యమవుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది 8 దాటితే, ఆగగలిగిన ఆపరేషన్లను చాలామంది డాక్టర్లు కొన్ని వారాలు వాయిదా వేస్తారు. వేయనివ్వండి. పొద్దున ఖాళీ కడుపుతో చేసిన ఒక్క పరీక్ష బాగుందని ధీమా పడొద్దు. ఆపరేషన్ ఉందని వారం రోజులు అన్నం మానేసి ఆ అంకె తగ్గించుకుని వచ్చేవాళ్లు నాకు బాగా తెలుసు.

సిగరెట్, బీడీ, చుట్ట కనీసం నాలుగు వారాల ముందు మానాలి. పొగ వల్ల గాయం అంచులకు రక్తం, ఆక్సిజన్ సరిగా అందవు. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని ఆపరేషన్ తర్వాత నిమోనియా వస్తుంది. "ఈ ఒక్క నెలే కదా" అని బతిమాలినా చాలు, కొందరు వింటారు.

తర్వాతది, అందరూ దాచేది. ఒంట్లో ఇంకెక్కడైనా ఇన్ఫెక్షన్ ఉంటే డాక్టర్‌కు చెప్పాలి. పుచ్చిన పన్ను, మూత్రంలో మంట, సెగగడ్డ, కాలివేళ్ల మధ్య పాచిపోయిన చర్మం, ఏదైనా సరే. మోకీలు మార్పిడికి వచ్చిన ఒక పెద్దావిడ కాలి బొటనవేలి పుండును డాక్టర్ కంటపడకుండా సాక్సుతో దాచుకుని వచ్చింది. "చెబితే డేటు పోతుంది కదమ్మా, అబ్బాయి అమెరికా నుంచి సెలవు పెట్టుకుని వచ్చాడు" అంది. ఆ పుండులోని బ్యాక్టీరియా రక్తంలో కలిసి కొత్త కీలు మీద స్థిరపడితే మందులతో లొంగదు. చాలాసార్లు ఆ కీలునే తీసేయాల్సి వస్తుంది. ఆవిడ ఆపరేషన్ మూడు వారాలు ఆగింది. అబ్బాయి సెలవు పొడిగించుకున్నాడు.

గుండె, కీళ్ల ఆపరేషన్లకు ముందు కొన్నిచోట్ల ముక్కులో స్వాబ్ తీస్తారు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కనబడితే ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ రాస్తారు. సాధారణంగా రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. చిన్న ట్యూబే కదా అని పక్కన పడేయకండి.

తిండి దగ్గర ఒకటే మాట. గుడ్డు, పప్పు, పెరుగు, చేప, ఏది పడితే అది, ప్రోటీన్ తినండి. నీరసంగా, బరువు తగ్గిపోయి ఉన్నవాళ్లకు గాయం అతుక్కోవడమే కష్టం.

అడుగు 2: ముందు రోజు రాత్రి

స్నానం. ముందు రోజు రాత్రి గానీ ఆ ఉదయం గానీ, తల నుంచి కాలిదాకా సబ్బుతో. మామూలు సబ్బైనా సరే, ఆసుపత్రి వాళ్లు వేరే లిక్విడ్ ఇస్తే అదే వాడండి. చంకలు, గజ్జలు, ఛాతీ కింద మడతలు, వేళ్ల సందులు వదలొద్దు. ఉతికిన తువ్వాలు, ఉతికిన బట్టలు, ఉతికిన దుప్పటి. స్నానం చేశాక క్రీము, పౌడరు, నూనె ఏమీ వద్దు.

బొడ్డు సంగతి విడిగా చెప్పాలి. గాల్ బ్లాడర్ ఆపరేషన్ కావచ్చు, గర్భసంచి తీయడం కావచ్చు, చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీలో మొదటి రంధ్రం తరచుగా పెట్టేది బొడ్డు దగ్గరే. ఎన్నేళ్ల మురికి గట్టిపడి నల్లటి గింజలా లోపల కూర్చుని ఉంటుందో, చూస్తే గానీ నమ్మరు. స్నానానికి గంట ముందు రెండు చుక్కల కొబ్బరినూనె వేసి నానబెట్టండి. తడి దూదితో మెల్లగా తీసి, స్నానంలో సబ్బుతో కడిగేయండి. గిచ్చొద్దు, పిన్నీసు పెట్టొద్దు. ఎర్రబడితే అదే కొత్త పుండు.

మొలతాడు, తాయెత్తు, చేతి దారాలు తీయాలి. దీనికి ఇళ్లలో టెన్షన్ పడతారని తెలుసు. చెమట పీల్చిన దారం సరిగ్గా కోత పెట్టే చోట ఉంటుంది, దాన్ని శుభ్రం చేయడం ఎవరి వల్లా కాదు. మాది కూడా తాయెత్తులు కట్టే ఇల్లే. ఉతికిన గుడ్డలో చుట్టి దేవుడి దగ్గర పెట్టి, నయమయ్యాక కొత్త దారంతో కట్టుకోమని చెబుతాను. ఆ మాటతో ఎవరూ కాదనలేదు ఇంతవరకు. గోళ్లు కత్తిరించుకోండి, నెయిల్ పాలిష్ తీసేయండి, ఉంగరాలూ మెట్టెలూ తీసి ఇంట్లోనే పెట్టి రండి.

ఇక షేవింగ్. బ్లేడు ముట్టుకోవద్దు. మీ అంతట మీరు ఇంట్లో అసలు చేసుకోవద్దు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాత్రి ఎనిమిదింటికి బ్లేడు, సబ్బు నీళ్లు పట్టుకుని మంచం మంచానికీ తిరిగేవాళ్లం. మర్నాటి కేసులన్నీ గీసి పెట్టాలి. అప్పుడు అదే పద్ధతి. హెర్నియాకు వచ్చిన ఒకాయనకు గజ్జ దగ్గర నేనే గీశాను. నున్నగా వచ్చిందని సీనియర్ మెచ్చుకుంది కూడా. పొద్దున చూస్తే అక్కడ ఎర్రటి చుక్కలు, ఆవగింజలు చల్లినట్టు. ఆరో రోజు కుట్ల పక్కన మొదట చీము పట్టింది సరిగ్గా ఆ చుక్కల దగ్గరే. బ్లేడు కంటికి కనపడని గాట్లు పెడుతుంది, రాత్రంతా వాటిలో బ్యాక్టీరియా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది: వెంట్రుకలు అడ్డం రాకపోతే తీయనే వద్దు, తప్పదనుకుంటే క్లిప్పర్‌తో కత్తిరించాలి. రేజర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇప్పటికీ బ్లేడు పట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు. వస్తే, "క్లిప్పర్ లేదా అండీ?" అని అడగండి. కొత్త క్లిప్పర్ హెడ్ కొని ఇవ్వమన్నా ఇవ్వండి, ఖర్చు దండగ కాదు.

అడుగు 3: కోతకు ముందు గంట

ఈ మొత్తం వ్యవహారంలో నేను ఒక్కదాన్నే ఎంచుకోవాల్సి వస్తే ఈ గంటలో ఇచ్చే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌ను ఎంచుకుంటాను. చాలా ఆపరేషన్లకు ఇచ్చేది సెఫజోలిన్. పెద్దవాళ్లకు మామూలుగా 2 గ్రాములు, 120 కిలోలు పైబడితే 3 గ్రాములు. కోత పెట్టడానికి ముందు గంటలోపు ఇవ్వాలి. కత్తి చర్మాన్ని తాకే వేళకు మందు అక్కడి రక్తంలో, కండలో నిండుగా ఉండాలి, అంతే కిటుకు. వాంకోమైసిన్ లాంటిదైతే మెల్లగా ఎక్కించాలి కాబట్టి రెండు గంటల ముందే మొదలుపెడతారు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటినా, రక్తం బాగా పోయినా సెఫజోలిన్ మళ్లీ ఇవ్వాలి. మోకీలు ఆపరేషన్‌లో తొడకు రక్తం ఆపే పట్టీ (టోర్నికే) బిగించేముందే మందు మొత్తం వెళ్లిపోవాలి, బిగించాక ఇస్తే కిందికి దిగదు. సిజేరియన్‌కు ఒకప్పుడు బిడ్డ బొడ్డుతాడు కట్టాక ఇచ్చేవాళ్లం. ఇప్పుడు కోతకు ముందే ఇస్తారు, తల్లికి ఇన్ఫెక్షన్లు అలాగే తక్కువ.

పొరపాటు జరిగేది ఎక్కడంటే, లిస్టులో. వార్డులో ఏడింటికి "ప్రీ-ఆప్ ఇంజెక్షన్" అని అందరికీ ఒకేసారి వేసేస్తారు. మొదటి కేసుకు సరిపోతుంది. మూడో కేసు లోపలికి వెళ్లేసరికి పన్నెండవుతుంది. సెఫజోలిన్ రక్తంలో సుమారు రెండు గంటలకు సగానికి పడిపోతుంది. అప్పటికి మిగిలేది ఏమీ లేనట్టే. కాగితం మీద మాత్రం టిక్కు ఉంటుంది.

ఒక రోజు వరండాలో ఒకమ్మాయి నన్ను ఆపింది.

"సిస్టర్, మా అమ్మకి యాంటీబయాటిక్ పొద్దున్నే ఏడున్నరకి వేశారు. ఇంకా లోపలికి తీసుకెళ్లలేదు. మళ్లీ వేస్తారా?"

"ఎన్నింటికి వేశారో రాసుకున్నావా తల్లీ?"

ఫోన్ చూపించింది. సీసా ఫొటో, కింద టైము. నేను మత్తు డాక్టర్‌కు చెప్పాను, బల్ల మీద పడుకోబెట్టాక మళ్లీ ఇచ్చారు. అలా అడగడానికి డాక్టరీ చదవక్కర్లేదు. అడిగితే ఎవరూ కోప్పడరని చెప్పను, ఒకరిద్దరు విసుక్కుంటారు. అయినా అడగండి. పెన్సిలిన్ గానీ వేరే ఏ మందు గానీ పడకపోతే అదీ అప్పుడే చెప్పండి. దద్దురా, ఆయాసమా, వాంతులా, ఏం జరిగిందో వివరంగా చెప్పండి.

మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మామూలు శుభ్రమైన ఆపరేషన్‌లో, కుట్లు వేసేశాక నివారణ కోసం యాంటీబయాటిక్ కొనసాగించడం వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దగ్గర ఐదు రోజులు, వారం రాయడం ఇంకా అలవాటుగా ఉంది. దానివల్ల విరేచనాలు, లొంగని బ్యాక్టీరియా తప్ప అదనపు రక్షణ రాదు. అలాగని మీ అంతట మీరు ఆపేయొద్దు. లోపల అప్పటికే చీము ఉండి, అపెండిక్స్ పగిలి ఉంటే అది నివారణ కాదు, వైద్యం. "ఇది ముందుజాగ్రత్తకా డాక్టర్‌గారూ, ఉన్న ఇన్ఫెక్షన్‌కా?" అని అడిగితే విషయం తేలిపోతుంది.

అడుగు 4: థియేటర్ తలుపు వెనక

ఇక్కడ మీరు ఉండరు, అయినా ఏం జరగాలో తెలుసుకోండి.

చర్మానికి ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ రాయాలి. రాయగానే తుడిచేయకూడదు, దానంతట అదే ఆరాలి, కనీసం మూడు నిమిషాలు. ఆరకముందే రక్తం ఆపడానికి కాల్చే కరెంటు కాటరీ పెడితే మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. కంటి శుక్లం ఆపరేషన్‌కైతే పద్ధతి వేరు, ముందు కంట్లో 5 శాతం పొవిడోన్ అయోడిన్ చుక్కలు వేస్తారు.

ఒళ్లు చల్లబడకూడదు. ఇది చాలామందికి కొత్త. థియేటర్లో ఏసీ గడ్డకట్టిస్తుంది, రోగి ఒంటి మీద పల్చటి గౌను. శరీర ఉష్ణోగ్రత 36 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, గాయానికి ఆక్సిజన్ తగ్గుతుంది. 1996లో అచ్చయిన ఒక పరిశోధనలో పెద్దపేగు ఆపరేషన్ అయిన 200 మందిని పోల్చి చూశారు. వెచ్చగా ఉంచినవాళ్లలో 6 శాతం మందికి గాయం ఇన్ఫెక్షన్ అయితే, చల్లబడినవాళ్లలో 19 శాతం మందికి అయింది. మీరు చేయగలిగింది ఒకటుంది. థియేటర్ బయట స్ట్రెచర్ మీద వణుకుతూ ఎదురుచూస్తుంటే దుప్పటి అడిగి కప్పించండి. నేనైతే పాదాలు ముట్టుకుని చూస్తాను.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల సర్జరీ చెక్‌లిస్టు తెచ్చింది. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి దిగాయి. "యాంటీబయాటిక్ గంటలోపు ఇచ్చామా?" అని కోతకు ముందు పైకి చదివి అడగడం అందులో ఒకటి. నోటితో అడిగితేనే పని చేస్తుంది. ఆపరేషన్ అయ్యాక సాయంత్రం కూర్చుని అన్నీ టిక్కులు పెడితే అది కాగితం ఖర్చు.

పరికరాల దగ్గర కొంచెం ఆగుదాం. పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్ యంత్రంలో 121 డిగ్రీల ఆవిరిలో, చుట్టిన ప్యాకెట్లకు దాదాపు అరగంట పడుతుంది. ప్యాకెట్ మీద టేపు చారలు నల్లబడితే సరిపోయిందనుకుంటారు. ఆ చార వేడి బయట తగిలిందని మాత్రమే చెబుతుంది. లోపల పెట్టిన ఇండికేటర్ స్ట్రిప్ మారిందా, ప్యాకెట్ తడిగా ఉందా అన్నది చూడాలి. తడి ప్యాకెట్ స్టెరైల్ కాదు. ఇది తోటి నర్సులకు చెబుతున్న మాట.

ల్యాప్రోస్కోపీ పరికరాలను కొన్నిచోట్ల కేసుకు కేసుకు మధ్య క్రిమిసంహారక ద్రావణమైన గ్లూటరాల్డిహైడ్‌లో ఇరవై నిమిషాలు ముంచి తీస్తారు. గట్టి పొరలో దాగి బతికే బ్యాక్టీరియా రూపాలు (స్పోర్లు) చావాలంటే ఆ ద్రావణంలో పది గంటలు ఉండాలి. సరిగా విప్పి కడగకుండా ముంచినా, తీశాక కుళాయి నీళ్లతో కడిగినా, నీళ్లలో ఉండే టీబీ జాతి బ్యాక్టీరియా ఒకటి రంధ్రాల దగ్గర చేరుతుంది. గాయం చక్కగా మానుతుంది. మూడు నాలుగు వారాలకు బొడ్డు పక్కన గట్టి గడ్డలా లేచి, నీరులాంటి చీము కారడం మొదలవుతుంది. మామూలు యాంటీబయాటిక్‌లకు తగ్గదు, నెలల తరబడి వేరే మందులు వాడాలి. మన దేశంలో ఇది అరుదేమీ కాదు. "పరికరాలు ఆటోక్లేవ్ చేస్తారా, మందులో ముంచుతారా?" అని ముందే అడగడం మీ హక్కు.

ఒకే రోజు ఎక్కువ కేసులు చేస్తూ ఇన్ఫెక్షన్ కట్టడిలో లోపం జరిగితే ఏమవుతుందో తెలంగాణ చూసింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో 34 మంది మహిళలకు ల్యాప్రోస్కోపీతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వాళ్లలో నలుగురు ఇన్ఫెక్షన్ సోకి చనిపోయారు. ఇరవై నిమిషాల పని కదా అని తేలిగ్గా తీసుకునే ఆపరేషన్ అది.

అడుగు 5: వార్డులో

కట్టు సాధారణంగా 48 గంటలు కదపొద్దు. ఈలోపు కోత అంచులు అతుక్కుని లోపలికి దారి మూసుకుంటుంది. "ఎలా ఉందో చూద్దాం" అని చుట్టాలొచ్చిన ప్రతిసారీ ప్లాస్టర్ అంచు ఎత్తేవాళ్లున్నారు, అలా చేయొద్దు. కట్టు తడిసినా, ఊడినా, రక్తం ఊరినా నర్సును పిలవండి.

కట్టు మార్చేవాళ్లు మీ మంచం దగ్గరే చేతులకు శానిటైజర్ రాసుకున్నారా చూడండి. గ్లౌజులు చేతులు కడుక్కోవడానికి బదులు కాదు. పక్క మంచం రోగికి వేసుకున్న గ్లౌజులతోనే మీ దగ్గరికి వస్తే మర్యాదగానే ఆపండి. ఇంటివాళ్లూ అంతే, రోగిని ముట్టుకునే ముందు, తర్వాత. పరామర్శకు వచ్చినవాళ్లు మంచం మీద కూర్చోవడం మన దగ్గర ప్రేమకు గుర్తు. కుర్చీ చూపించండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లను ఫోన్‌లో పలకరించమనండి.

గాయమొక్కటే కాదు, యూరిన్ పైపు, సెలైన్ క్యాన్యులా, ఊపిరితిత్తులు కూడా దారులే. యూరిన్ పైపు అవసరం తీరిన రోజే తీయించండి. ఉన్నంతకాలం సంచి మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లేటప్పుడు రోగి పొట్ట మీద పెట్టేస్తారు, చూసుకోండి. క్యాన్యులా దగ్గర ఎర్రబడినా నొప్పి పుట్టినా చెప్పాలి. మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తే గంటకోసారి లోపలికి గాలి పీల్చండి, ఊదడం కాదు. పదిమందిలో సగం మంది ఊదుతారు. పళ్లు తోమించండి, వీలైనంత త్వరగా లేపి నడిపించండి.

షుగర్ లేనివాళ్లకు కూడా ఆపరేషన్ ఒత్తిడికి షుగర్ పెరగొచ్చు. 200 దాటకుండా చూస్తారు. పరామర్శకు వచ్చే కొబ్బరిబోండాలు, పళ్ల రసాలు డాక్టర్‌ను అడిగాకే.

అడుగు 6: ఇంట్లో

ఇంటికెళ్లగానే పత్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే చీము పడుతుంది, వంకాయ దురద, పెరుగు వాపు. చివరికి కారప్పొడి, చారన్నం మిగులుతాయి. చీము పప్పు నుంచి రాదు, బ్యాక్టీరియా నుంచి వస్తుంది. గాయం అల్లుకోవడానికి కావాల్సిన ప్రోటీన్‌ను సరిగ్గా కావాల్సిన రోజుల్లో ఆపేస్తున్నాం. అమ్మమ్మలతో వాదించడం నా వల్ల కాలేదు. "డాక్టర్‌గారు మందులాగా రాశారు" అని చీటీ మీద పప్పు, గుడ్డు రాసిస్తే మాత్రం పెడతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తినాలో డాక్టర్‌నే అడగాలి.

కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె, పౌడరు, ఊరి నుంచి తెచ్చిన ఆకు పసరు, ఏదీ వద్దు. స్నానం ఎప్పుడో సర్జన్‌ను అడగండి. మామూలుగా 48 గంటల తర్వాత నీళ్లు పోసుకోవచ్చు. రుద్దకుండా సబ్బు నీళ్లు జారనిచ్చి, ఉతికిన గుడ్డతో అద్దండి. గాయం మానేదాకా చెరువు, బావి, టబ్బు స్నానం వద్దు. సిజేరియన్ అయిన బాలింతకు పొట్ట మడత కింద కోత దాగిపోతుంది. రోజుకు రెండుసార్లు పడుకోబెట్టి మడత ఎత్తి చూసి, తడి ఆరనివ్వాలి.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర కట్టు మార్పించుకునేవాళ్లు ఎక్కువ. దూరం, బస్సు ఖర్చు, నాకు అర్థమవుతుంది. అలాగైతే సీలు తీయని డ్రెస్సింగ్ ప్యాక్ ఆసుపత్రి నుంచే తెచ్చుకోండి. డబ్బాలో నానబెట్టిన ఫోర్‌సెప్స్ వాడనివ్వకండి. కంటి ఆపరేషన్ అయితే చుక్కల సీసా మూతి కంటికి, రెప్పకు తగలకూడదు. ఉన్నట్టుండి నొప్పి, చూపు మసక వస్తే ఆ రాత్రికే వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఎప్పుడు భయపడాలి? మొదటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం మామూలే. తగ్గుతూ వచ్చిన నొప్పి నాలుగో రోజు తర్వాత మళ్లీ పెరిగితే, ఎరుపు పాకుతుంటే, వేడిగా ఉంటే, చీము గానీ వాసన గానీ వస్తే, కుట్లు విచ్చుకుంటే, చలితో జ్వరం వస్తే ఆ రోజే సర్జన్‌కు చూపించండి. ఎరుపు పాకుతోందో లేదో తేలకపోతే దాని అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసి పక్కన టైము రాయండి. సాయంత్రానికి గీత దాటితే బయల్దేరండి. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే భరించలేని నొప్పి, చర్మం నల్లబడటం, బొబ్బలు కనిపిస్తే అది ఎమర్జెన్సీ, గంటలు కూడా ముఖ్యమే.

మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మొదలుపెట్టొద్దు. ముందు ఏ బ్యాక్టీరియానో తేల్చే కల్చర్ పరీక్షకు చీము తీయాలి. మందు పడ్డాక తీస్తే ఏ బ్యాక్టీరియానో చాలాసార్లు దొరకదు, తర్వాత అంతా చీకట్లో బాణాలే.

డిశ్చార్జ్ రోజున కార్డు వెనక రెండు తేదీలు రాసుకోండి. ఆపరేషన్ నుంచి 30వ రోజు ఒకటి. కీలు, రాడ్డు, మెష్ లాంటివి లోపల పెట్టి ఉంటే 90వ రోజు ఇంకొకటి. ఆ తేదీల్లోపు గాయం దగ్గర ఏం తేడా వచ్చినా దాన్ని ఆపరేషన్ ఇన్ఫెక్షన్‌గానే అనుమానించి వెనక్కి రావాలి. ల్యాప్రోస్కోపీ అయినవాళ్లు బొడ్డు దగ్గర గడ్డ తగిలితే ఆ తేదీ దాటాక కూడా రావాలి. రాసిన తేదీల కింద వార్డు ఫోన్ నంబరు, అది ఎవరు ఎత్తుతారో వాళ్ల పేరు కూడా రాయించుకోండి. రాత్రి పదింటికి ఒకసారి చేసి చూసుకోండి, ఎవరైనా ఎత్తుతున్నారో లేదో.